వీపు తిప్పి అప్పజెప్పిన పాఠం

పూర్వం చైనా బడుల్లో పిల్లలు గురువుకు వీపు తిప్పి నిలబడి పాఠం అప్పజెప్పేవారు. ఆ లిపిలో ‘వీపు’కూ ‘కంఠస్థం’కూ ఒకటే అక్షరం! వెయ్యి వేర్వేరు అక్షరాలతో కూర్చిన ప్రాచీన గ్రంథాన్ని ముందు బట్టీపట్టాలి. అర్థం తర్వాతి మాట.

1904లో షాంఘైలోని కమర్షియల్ ప్రెస్ కొత్త వాచకాలు తెచ్చింది. సులువైన అక్షరాలు ముందు, కష్టమైనవి తర్వాత, పక్కన బొమ్మలు. మరుసటి ఏడాదే ప్రభుత్వోద్యోగాల పాత పరీక్షలు రద్దయ్యాయి. అయినా వాచకాల భాష ఇంట్లో మాట్లాడేది కాదు. ప్రాథమిక పాఠశాల మొదటి రెండు తరగతుల వాచకాలు వాడుకభాషలో ఉండాలని 1920లో విద్యాశాఖ ఆదేశించింది.

నా దృష్టిలో ఇదే పెద్ద మార్పు. అర్థంకాని పాఠాన్ని అప్పజెప్పగలం గాని, ‘ఎందుకు?’ అని ప్రశ్నించలేం. అప్పజెప్పడానికి వీపు తిప్పినా చాలు. ప్రశ్నించాలంటే గురువు వైపు తిరగాలి.