గుమ్మంలోకి వచ్చే ఆలన

"ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని డాక్టర్లు చెప్పాక ఆ ఇంట్లో రాత్రుళ్లు మేల్కొనేది ఎవరు? భార్యో, కోడలో, కూతురో! ఆదిలాబాద్ సహా పలు జిల్లాల్లో ప్రభుత్వం పెట్టిన 'ఆలన' కేంద్రాల నర్సులు అలాంటి గుమ్మాల్లోకే వెళ్తున్నారు. పుండ్లు కడిగి కట్టు కడతారు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఇంటివాళ్లకు నేర్పుతారు.

నొప్పికి మార్ఫిన్ దొరకడం సులువయ్యేలా 2014లో చట్టాన్ని సవరించారు. అయినా ప్రపంచంలో ఇలాంటి సేవ అవసరమైన 100 మందిలో సుమారు 14 మందికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

జబ్బు నయం కాకపోవచ్చు, నొప్పి తగ్గించవచ్చు కదా! ఆ నర్సమ్మలకు దండం పెడితే సరిపోదు. వాళ్ల కొలువుకు భరోసా కూడా మనమే అడగాలి.