సరిహద్దు బంకు లెక్క

బాగేపల్లి దాటి హైదరాబాదు రస్తాలో పోయేవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. సరిహద్దుకు ఇవతలి బంకుల ముందు తరచు ఆంధ్ర నంబరు బండ్లే కనబడతాయి. మాట ఒకటే, పెట్రోలు కంపెనీలూ అవే, ధర మాత్రం వేరు. ఎందుకని ఇంట్లో అడిగితే, గుమాస్తాను గదా, కాగితం పెన్సిలు తీసుకొని కూర్చున్నాను.

2024 జూన్ 15న కర్ణాటక పెట్రోలు అమ్మకపు పన్నును నూటికి 25.92 నుండి 29.84కు పెంచింది. బెంగుళూరులో లీటరు మూడు రూపాయలు పెరిగి 102 దాటింది. ఆంధ్రలో అప్పుడు నూటికి 31. ఈ కాస్త తేడాకు బండి తిప్పుకొని రావాలా అంటారేమో! కిటుకు శాతంలో లేదు. అక్కడ శాతం గాక లీటరుకు మరి నాలుగు రూపాయలు, రోడ్ల పేరిట ఇంకొక రూపాయి వేశారు. బండ్లను ఇటు నడిపించేది ఆ ఐదు రూపాయలే. హిందూపురం చుట్టాలు వస్తుంటే ఇక్కడిదాకా చాలినంతే పోయించుకొని రమ్మనండి.

కేంద్రం ఎక్సైజు అప్పటికి లీటరుకు 19 రూపాయల 90 పైసలు. రాష్ట్రం శాతం లెక్కకట్టేది దీన్ని కూడా కలుపుకొని. అంటే పన్ను మీద పన్ను. ఆ 102లో నలభై పైచిలుకు పన్నులే.

ధర పెరిగితే మన పెద్దలు అరబ్బుల పేరు చెప్పేవారు. అదీ నిజమే. 1973 యుద్ధంతో మూడు డాలర్ల ముడినూనె పీపా కొద్ది నెలల్లో పన్నెండుకు దగ్గరయింది. ఆ రోజుల్లో ఇక్కడి ధరను ఢిల్లీ కట్టడి చేసేది. ఆ కట్టు పెట్రోలుకు 2010 జూన్‌లో, డీజిలుకు 2014 అక్టోబరులో విప్పారు. 2017 జూన్ 16 నుండి ధర రోజూ మారవచ్చునన్నారు. అన్నారే గాని, 2022 మే తరువాత రెండేళ్ళకు దగ్గరగా అది కదలలేదు. 2024 మార్చిలో, ఎన్నికల ముంగిట, రెండు రూపాయలు తగ్గింది.

2020 ఏప్రిల్ 20న అమెరికాలో పీపా ధర సున్నకు దిగువకు పోయింది. మనకు దక్కిందేమిటి? మే నెలలో కేంద్రం ఎక్సైజును పెట్రోలుకు పది, డీజిలుకు పదమూడు రూపాయలు పెంచి ఆ తగ్గుదలను తానే పుచ్చుకొన్నది. ఖజానాకు ఖర్చులున్నాయి, కాదనను. కాని పెరిగితే మన వంతు, తగ్గితే ఖజానా వంతు అంటే నాకు సబబుగా తోచదు.

స్కూటరు వాళ్ళం మనం ఎలాగో సర్దుకొంటాము. చింతామణి మార్కెట్టుకు టమాటా వచ్చేది డీజిలు టెంపోలో. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక డీజిలు పన్నును 21.17 శాతం చేయగా లీటరు రెండు రూపాయలు పెరిగింది. టెంపో యజమాని దాన్ని కిరాయిలో కలుపుకొంటాడు. రైతు కలుపుకొందామంటే, పెట్టె ధర చెప్పేది అతడు కాదు, వేలంపాట.