అడక్కుండా చేసే మేలు

మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొన్న భర్త పాస్‌బుక్కు పట్టుకొచ్చింది. ఆయన కడుతున్న మేడ మీంచి జారిపడి పోయి నాలుగు నెలలైంది. ‘‘ఇందులో ఏమన్నా మిగిలిందేమో చూడమ్మా, ఖాతా మూయించేస్తా’’ అంది.

మిగిలింది మూడొందల చిల్లర. ఏటా మే నెలాఖరున మాత్రం 20 రూపాయలు పోతున్నాయి. ‘‘బ్యాంకువాళ్లు అట్లా కోస్తుంటారులే’’ అందావిడ. అది సురక్షా బీమా! ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలిస్తారు. ఖాతా తెరిచిన రోజు పెట్టించుకున్న సంతకాల్లో అదీ ఒకటి కాబోలు. ఇంట్లో ఎవరికీ తెలీదు.

2015లో మొదలైన ఈ పథకంలో ఒకసారి చేరితే, వద్దనేదాకా ఏటా డబ్బు దానంతటదే కట్ అవుతుంది. మనిషి బద్ధకాన్నీ మరుపునూ లెక్కలోకి తీసుకుని మంచివైపు మెల్లగా నెట్టడమన్నమాట. ఈ ప్రవర్తనా అర్థశాస్త్రానికే రిచర్డ్ థేలర్‌కి 2017లో నోబెల్ వచ్చింది. మన 2018–19 ఆర్థిక సర్వేలోనూ దీనికో అధ్యాయం ఉంది. అరటిపళ్లు ఎదురుగా పెట్టి మిఠాయి డబ్బా అటకెక్కించే తల్లులకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు!

నిజం చెప్పాలంటే, అడిగితే ఆయన ఏటా గుర్తుపెట్టుకుని 20 రూపాయలు కట్టేవాడు కాదు. మనమైనా అంతేగా? కాబట్టి ఆ నెట్టడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ పుస్తకం నా కంట పడకపోతే 2 లక్షల సంగతి ఖాతాతోపాటే మూతపడేది. అప్పుడా మేలు ఎవరికి చేసినట్టు?

బ్రిటన్‌లో 2012 నుంచి ఉద్యోగుల్ని యజమానులే పింఛను పథకంలో చేర్చేస్తున్నారు. అయితే చేర్చామని ఉత్తరం రాయాలి, వద్దనుకుంటే ఎలా బయటపడాలో చెప్పాలి. నెల లోపల వద్దంటే కట్టింది తిరిగిచ్చేయాలి. అంతా తెలిసి కూడా చాలామంది అందులోనే ఉండిపోయారు. చెబితే జనం మానేస్తారన్న భయం మనవాళ్లకెందుకు?

‘నీ మంచికేలే’ అంటూ మనల్ని అడక్కుండా ఇళ్లల్లో చేసిన నిర్ణయాలు ఎన్ని లేవు! సర్కారూ అదే తీరున ఉంటే ఎలా? డబ్బు కోసిన రోజే, ఎందుకు కోశారో, ఆపాలంటే ఏం చేయాలో తెలుగులో చెప్పాలి. ఖాతాదారుకే కాదు, నామినీకి కూడా.

మరణ ధ్రువపత్రం, ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు కావాలట. మొదటి రెండూ దొరికాయి. మూడోదాని కోసం సోమవారం ఆవిడతో నేనూ వెళ్తున్నాను.