సైకాలజీ చదువుతానంటే భయపడకండి

‘‘సైకాలజీ చదివి ఏం చేస్తావ్?’’ బడి పిల్లలతో పనిచేసే సైకాలజిస్టు అవుతానని అమ్మాయి చెప్పగానే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. అలా అడిగే ముందు మీకు తెలిసిన ఏదో ఒక తరగతి గదిని గుర్తుచేసుకోండి. అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లాడికి ‘మొద్దు’ అని పేరు పెట్టేస్తారు. అది డిస్లెక్సియా కావచ్చేమోనని ఆలోచించే మనిషి చాలా బడుల్లో ఉండరు.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఓ విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్‌ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలంది. అంతమంది ఎక్కడి నుంచి వస్తారు? మన ఇళ్ల నుంచే రావాలి.

పీజీ సీటుకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ఉన్నాయి. డిగ్రీలో సైకాలజీ ఉండాలా, అక్కర్లేదా అన్న నిబంధన అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ముందే చూసుకోవాలి. కోర్సులో బడులకు పంపి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని నేర్పుతారా అనీ కనుక్కోవాలి. నాలుగు వారాల ఆన్‌లైన్‌ సర్టిఫికెట్‌ దీనికి సాటి రాదు. క్లినికల్‌ సైకాలజిస్టు కావాలంటే దారి వేరు. దానికి భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్‌ ఉండాలి.

అయితే ఎంట్రన్స్‌ ర్యాంకు ఒక్కటే చాలదన్నది నా అభిప్రాయం. దరఖాస్తుకు ముందే కొన్ని నెలలు పిల్లల మధ్య గడపాలి. దగ్గర్లోని సర్కారు బడిలో సాయంత్రాలు చదువు చెప్పొచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల పాఠశాలలో అనుమతి తీసుకుని సాయపడొచ్చు. ఏం చూశాను, ఎక్కడ పొరబడ్డాను అని, పిల్లల పేర్లు లేకుండా ఓ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ‘ఈ కోర్సే ఎందుకు?’ అని ఎవరైనా అడిగితే జవాబు అందులోనే దొరుకుతుంది. పిల్లలు చెప్పిన మాట కడుపులో దాచుకోగలనా, నెలలు గడిచినా మార్పు కనిపించకపోతే ఓపిక పట్టగలనా అన్నదీ అక్కడే తేలుతుంది. ఈ పని తనకు సరిపడదని తేలినా నష్టం లేదు. రెండేళ్లు, ఫీజు మిగిలినట్టే.

జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్‌ కొలువంత రాకపోవచ్చు. ఆ సంగతి అమ్మాయితో దాపరికం లేకుండా మాట్లాడండి. కానీ ఈసారి తను ఆ మాటెత్తితే ‘ఏం చేస్తావ్?’ అనకండి. ‘ముందు ఏ బడికి వెళ్లి చూస్తావ్?’ అని అడగండి.