ఇల్లు లేని ఇంటిపేరు

‘ఇంటిపేరు’ అనే మన తెలుగు మాటలోనే ఇల్లు ఉన్నది. పుట్టిన ప్రతి బిడ్డకు ఒక ఇల్లు ఉంటుందని, ఆ ఇంటి పేరు ఆ బిడ్డకు సంక్రమిస్తుందని ఆ మాటను పుట్టించినవారి నమ్మకము. అయితే ఇల్లే లేని బిడ్డకు ఇంటిపేరు పెట్టవలసి వచ్చినప్పుడు లోకము ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నకు స్పెయిన్ దేశము ఇచ్చిన సమాధానము ‘ఎక్స్‌పోసితో’ అనే ఇంటిపేరు. దాని పుట్టుకను, అర్థమును, వ్యాప్తిని తెలిసికొనుట భాషాభిమానులకు వినోదమే. కాని అంతకు మించి, పేరును బట్టి మనిషిని తూచే అలవాటు ఎంత అన్యాయమైనదో ఆ పేరు కథ మనకు బోధిస్తున్నది.

స్పెయిన్‌లో ఒక్కొక్కరికి రెండేసి ఇంటిపేర్లు ఉంటవి. ఒకటి తండ్రి వంకది, రెండవది తల్లి వంకది. అక్కడి సుప్రసిద్ధమైన ఇంటిపేర్లు అనేకము ‘ఫలానావాని కుమారుడు’ అనే అర్థమును ఇచ్చేవే. ఫెర్నాండెజ్ అనగా ఫెర్నాండో కుమారుడు. రోడ్రిగెజ్ అనగా రోడ్రిగో కుమారుడు. చివరనున్న ‘ఎజ్’ ప్రత్యయమే ఆ బంధుత్వమును తెలుపుతుంది. మరికొన్ని పేర్లు పూర్వుల ఊరిని, మరికొన్ని వారి వృత్తిని చెప్పును. ఏది చెప్పినను ‘నీవు ఎవరి బిడ్డవు?’ అనే ప్రశ్నకు అందులో ఏదో ఒక జవాబు ఉన్నది. ఎక్స్‌పోసితో అనే పేరులో మాత్రము ఆ జవాబు లేదు.

ఇది లాటిను భాషలోని ‘ఎక్స్‌పోసితుస్’ అనే పదము నుండి వచ్చినది. ‘ఎక్స్’ అనగా వెలుపల. తరువాతి భాగమునకు ఉంచబడినది అని అర్థము. వెలుపల ఉంచబడిన బిడ్డ అన్నమాట. పేదరికము చేతనో, పరువు పోవునన్న భయము చేతనో కన్నవారు తమ శిశువులను రాత్రివేళ చర్చి గుమ్మము వద్దనో, అనాథ శిశు శాల వాకిటనో విడిచిపోయేవారు. మాడ్రిడ్ నగరములోని అట్టి శాలకు ‘ఇన్‌క్లూసా’ అని పేరు. కాలక్రమమున ఆ మాట స్పెయిన్‌లో శిశు శాలలన్నిటికీ సామాన్య నామమైనది. ఇట్టి శాలల గోడలో గుండ్రముగా తిరిగే ఒక కొయ్య పెట్టెను అమర్చేవారు. వెలుపలివారు అందులో బిడ్డను ఉంచి త్రిప్పితే బిడ్డ లోపలికి చేరుతుంది. ఉంచినవారి ముఖము లోపలివారికి కనబడదు. ఆ శిశువులలో చాలమంది మొదటి పుట్టినరోజు కూడ చూడలేదు. బ్రతికిన వారిలో అనేకులకు చిట్టాలో వ్రాసిన ఇంటిపేరు ఎక్స్‌పోసితో.

ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. ఆ పేరులో బిడ్డ గుణము గాని, రూపము గాని, పుట్టిన చోటు గాని లేదు. ఉన్నదల్లా ఇతరులు ఆ బిడ్డకు చేసిన పని. విడిచినవారి పేరు మరుగునపడినది. విడువబడినవారి నుదుట ఆ పని జీవితాంతము నిలిచినది. అంతటితో ఆగక వారి బిడ్డలకు, మనుమలకు కూడ సంక్రమించినది.

రాజ్యము ఈ అన్యాయమును గుర్తింపకపోలేదు. 1794 లో నాల్గవ కార్లోస్ రాజు ఒక శాసనము చేసినాడు. తల్లిదండ్రులు తెలియని ఈ శిశువులను చట్టము దృష్టిలో సక్రమ సంతానముగానే ఎంచవలెనని, వారిని జారజులని దూషించినవారు శిక్షార్హులని ఆ శాసనము చెప్పినది. ఉద్దేశము ఉత్తమమైనదే. కాని నోటితో తిట్టుట నేరమైనను, చిట్టాలోని పేరు అదే మాటను మర్యాదగా చెప్పుచునే ఉన్నది.

ఈ పేరు వ్యాపించిన తీరు కూడ విచిత్రమైనది. సామాన్యముగా ఒకే ఇంటిపేరు గలవారిని చూచినప్పుడు వీరి మూలపురుషుడు ఒకడేనేమో అనుకొందుము. ఎక్స్‌పోసితోలకు అట్టి మూలపురుషుడు లేడు. విడువబడిన ప్రతి శిశువు ఒక కొత్త వంశమునకు ఆదిపురుషుడైనాడు. అందుచేత ఈ పేరు స్పెయిన్ అంతటా వెలసి, వలస వెళ్ళినవారితో కూడ లాటిన్ అమెరికాకు చేరినది. ఇటలీలో దీని సోదర రూపమైన ‘ఎస్పోసితో’ నేపుల్స్ ప్రాంతమున మిక్కిలి సామాన్యమైన ఇంటిపేరు. ఒక పేరు ఇంత విస్తారముగా వినబడుట ఆ వంశము యొక్క వైభవమునకు గుర్తు కాదు. ఎందరు బిడ్డలు వాకిళ్ళలో విడువబడినారో చెప్పే లెక్క.

ఇంతకంటె దయగా పేరు పెట్టిన సందర్భము ఒకటి ఉన్నది. క్యూబా దేశపు హవానా నగరములో 18వ శతాబ్ది ఆరంభమున బిషప్ హెరోనిమో వాల్దేస్ ఒక శిశు శాలను స్థాపించినాడు. అక్కడ చేరిన శిశువులకు ఆయన ఇంటిపేరే పెట్టినారు. వాల్దేస్ అనునది వంశపారంపర్యముగా ఎందరికో ఉన్న గౌరవనీయమైన పేరు. ఆ గుంపులో అనాథ బిడ్డ కూడ కలిసిపోవచ్చును గదా! కాని లోకము కలియనిచ్చినదా? హవానాలో వాల్దేస్ అనగానే శిశు శాల గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడినది. సిరీలో విల్యావెర్దే తన ప్రసిద్ధ నవలకు ‘సెసిలియా వాల్దేస్’ అని పేరు పెట్టినాడు. 1882 లో సంపూర్ణ రూపమున వెలువడిన ఆ నవలలో నాయిక ఇంటిపేరే ఆమె జన్మ రహస్యమును సూచిస్తుంది. పేరు మారినది, చూచే కన్ను మారలేదు.

స్పెయిన్‌లో 1957 నాటి పౌర నమోదు చట్టము ఎక్స్‌పోసితో వంటి పేర్లను మార్చుకొనుటకు ప్రత్యేకముగా అవకాశము కల్పించినది. మార్చుకొన్నవారిని ఎవరును తప్పుపట్టరాదు. పరుల చేష్టను తన పేరుగా మోయవలసిన విధి ఎవరికి గలదు? అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. పేరు మార్చుకొనుమని చట్టము బాధితునికి చెప్పినది. చూపు మార్చుకొనుమని సంఘమునకు చెప్పుట చట్టమునకు సాధ్యము కాదు. ఆ పని విద్య చేయవలసినది.

పేరును విడువక దానికి వన్నె తెచ్చినవారును ఉన్నారు. అర్జెంటీనాలో హోమెరో ఎక్స్‌పోసితో, వర్జీలియో ఎక్స్‌పోసితో అనే సోదరులు టాంగో పాటలకు ప్రసిద్ధులు. అన్న రచయిత, తమ్ముడు స్వరకర్త. గ్రీకు మహాకవి హోమరు పేరు, రోమను మహాకవి వర్జిలు పేరు ‘వెలుపల ఉంచబడిన’ అనే ఇంటిపేరు ప్రక్కన నిలిచినవి. 1944 లో వారు కూర్చిన ‘నారాంహో ఎన్ ఫ్లోర్’, అనగా పూచిన నారింజ, నేటికిని పాడుకొనబడుచున్నది. ఆ పాట వినేవారు కవి ఇంటిపేరునకు అర్థము వెదకరు.

మన పురాణ కథలలోను విడువబడిన శిశువులు కలరు. మేనక విడిచిన బిడ్డను శకుంతములు, అనగా పక్షులు, కాపాడినవి. కణ్వుడు ఆమెకు శకుంతల అని పేరు పెట్టినాడు. నాగేటి చాలులో దొరికిన బిడ్డకు ఆ చాలు పేరే సీత అని నిలిచినది. విడిచిన చేతిని గాక, కాపాడిన రెక్కను, ఒడి పట్టిన నేలను పేరులో నిలుపుట గొప్ప సంస్కారము. కాని ఇది చూచి గర్వించుటకు వీలు లేదు. కర్ణునికి పెంచిన తల్లి పేరున రాధేయుడన్న చక్కని పేరు ఉన్నను, కురు సభా రంగమున అతని విద్యను చూడక కులమును అడిగినారు. దోషము పేరులో లేదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఈ కథ ఉపాధ్యాయులకు, విద్యార్థులకు దూరదేశపు వింతగా మిగిలిపోరాదు. మన హాజరు పట్టీలలో పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. అది వినగానే ఈ పిల్లవాడు ఎవరివాడు, ఏ కులమువాడు అని లోలోపల లెక్క వేయుట మనలో చాలమందికి అలవాటే. ఆ లెక్క ముగిసేసరికి పిల్లవాని మీద ఒక అభిప్రాయము ఏర్పడిపోతుంది. అతడు ఇంకను నోరు విప్పలేదు. స్పెయిన్ చిట్టాలు వ్రాసిన గుమాస్తా సిరాతో చేసిన పనిని మనము మనస్సుతో చేయుచున్నాము. పేరు పిలుచుటకు ఏర్పడినది. పిలిచిన పిమ్మట, ఆ బిడ్డ ఏమి చెప్పునో వినుట మన ధర్మము.