శాస్త్రమునకు తెలుగు చాలదా?

మన షోలాపురపు తెలుగు సభలలో ముప్పది యేండ్లుగా మేము రెండు మాటలు వినుచున్నాము. పాశ్చాత్యులు నేడు కనుగొన్నదంతయు మన పూర్వులెరిగినదే యనునది మొదటిది. సంజయుడు కురుక్షేత్రమును చూచినది టెలివిజనులోనట; క్వాంటము సిద్ధాంతము అద్వైతమేనట; ఆహారశాస్త్రమంతయు మన అవ్వల వంటయింటిలోనిదేనట. ఇక రెండవ మాట: పిల్లలకు సైన్సును తెలుగున చెప్పుట వీలుకాదు, ఆ మాటలు మన భాషలో లేవు. ఈ రెండును వేరువేరు మనుష్యులు చెప్పినచో ఊరకుందుము. ఒకే పెద్దమనిషి, ఒకే వేదికమీద, ఒకే పూలదండ మెడలో నుండగా రెండును చెప్పుచున్నాడు. సర్వశాస్త్రములు మనవేనట, వానిని పలుకుటకు మాత్రము మన నోరు పనికిరాదట! మా మట్టుకు రెండును అబద్ధములే. రెండును చదువు శ్రమను తప్పించుకొనుటకు పన్నిన ఉపాయములే.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషను ప్యాసై, 1979లో తంతి కచేరిలో గుమాస్తాగా చేరి, మాటకింత యని టెలిగ్రాముల రుసుము లెక్కించినవారము. ఆ తంతి సేవ 2013 జూలైలో మూతపడినది. కావున మాకు తెలిసినచోటనే మొదలుపెట్టుదుము.

టెలిగ్రాములోని మాటలో ఒక అక్షరము తప్పిపోయినను చదువరి దానిని సరిదిద్దుకొనును. "రూపాయలు 350" అనుదానిలో ఒక అంకె మారినచో బ్రహ్మదేవుడును పట్టలేడు. అందుచే అంకెలను చివర మరల ఒకసారి పంపు ఆచారముండెడిది. ఎందుకని మేము అడుగలేదు. పై అధికారి చెప్పెను, చేసితిమి. ఆ ఎందుకునకు సమాధానము అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన వ్యాసములో నున్నదని ఉద్యోగము విడిచిన పిమ్మట తెలిసినది. వార్తకు కొలత యున్నది. ఉన్నది, లేదు అను రెండింటిలో ఏది యని తేల్చునది ఒక బిట్టు. మన నేతగాండ్రకు ఇది చెప్పనక్కరయే లేదు. జకార్డు అట్టమీద రంధ్రమున్నదా లేదా అనునదే కదా దుప్పటిమీది పూవును నిర్ణయించునది! దారిలో రొద యుండును. వార్తలో అవసరమునకు మించిన భాగము కొంత యున్నప్పుడే తప్పును కనిపెట్ట వీలగును. ప్రతి మార్గమునకు ఒక పరిమితి గలదు. దానిని దాటకుండ పంపినచో, తగిన సంకేతరచనచే తప్పులను మనము కోరినంత తక్కువకు దింపవచ్చును. దీనినంతయు ఆయన గణితముచే నిరూపించెను. నేటి చేతిఫోనులు ఆ దారినే నడచుచున్నవి.

సంజయుని కథలో రొద లేదు, పరిమితి లేదు, తప్పు దిద్దు ఉపాయము లేదు. ఉండవలసిన పనియు లేదు, అది కావ్యము. కావ్యమును యంత్రమని పొగడుట కావ్యమునకే అవమానము. జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తాలో తీగ లేకయే గోడలకావల గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపెను. పూర్వులపై ఆయనకు భక్తి లేకపోలేదు. 1901లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ప్రసంగము ముగించుచు, గంగాతీరమున వారు ఘోషించిన సత్యమును స్మరించెను. అయితే ముందు ప్రయోగములు చూపి, పిమ్మట స్మరించెను. మనవారు స్మరణతో మొదలిడి స్మరణతోనే ముగించుచున్నారు.

క్వాంటము అద్వైతమేయనువారు ష్రోడింగరును సాక్షిగా పిలుతురు. ఆయన వేదాంతమును ప్రేమించిన మాట నిజము. కాని తన తాత్త్విక గ్రంథమునకు 1960లో వ్రాసిన పీఠికలో, తరంగయాంత్రికము మొదలైనవాని ప్రస్తావన ఇందు లేదనియు, వానికిని ప్రపంచమునుగూర్చిన తత్త్వదృష్టికిని జనులు తలచునంత సంబంధము లేదనియు ఆయనయే తెలిపెను. పిలిచిన సాక్షి ఎదిరి పక్షమున పలికెను! దూరముననున్న రెండు కణములు ఒకదానితో నొకటి ముడిపడి యుండుట నిజమా యను వివాదము చిరకాలము తత్త్వచర్చగానే యుండెను. 1964లో జాన్ బెల్ దానిని కొలువదగిన ప్రశ్నగా మార్చెను. ప్రయోగశాలలో కొలిచిన క్లౌజరు, ఆస్పే, జైలింగరులకు 2022లో నోబెలు బహుమతి వచ్చెను. ఆ ముడి నిజమే. ఐనను దానిమూలమున ఒక్క మాటనైనను వెలుతురు కంటె వేగముగ పంప వీలుకాదు. ఋషుల మనోవార్తలకు క్వాంటమును తోడు తెచ్చు ఉపన్యాసకులు ఈ సంగతి చెప్పరు.

ఈ రెండింటివలన ప్రాణములు పోవు. మూడవదానివలన పోవచ్చును. మా కోపమంతయు అక్కడ.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భవతుల రక్తహీనతను పరిశోధించెను. మనవారు ఆనాడును ఆ మిల్లులలో నుండిరి. ఈస్టు సారము నిచ్చినప్పుడు రోగము కుదురుట చూచి, 1931లో ఆ సంగతి ప్రకటించెను. అందలి గుణకారి యేమో అప్పటికి తెలియలేదు. 1941లో అమెరికాలో పాలకూరనుండి దానిని వేరుచేసి ఫోలిక్ ఆమ్లమనిరి. లాటినున ఆకు అను మాటనుండి పుట్టిన పేరది. 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసినవారు లెడర్లే ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసినవారు. సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టినవారు. బొంబాయి మిల్లులో మొదలైన ప్రశ్నకు సమాధానము తేల్చుటలో ఒక తెలుగువాని చేయి యున్నదన్నమాట. మన వేదికలపై ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టింతురు. ఆయన చేసినదేమో చెప్పువారు లేరు.

ఆకుకూరలు మన అవ్వలకు తెలియవా యందురు. తెలియును. గర్భవతికి ఆకుకూర వాతమని మానిపించినదియు ఆ అవ్వలే. కూరను ఉడికించి నీరు పారబోసినచో ఈ గుణము చాలవరకు ఆ నీటితోనే పోవును. గర్భస్థశిశువు వెన్నెముకలోని నాడీనాళము 28 దినములలోపల మూసికొనును. తల్లికి తాను గర్భవతినని తెలియకమునుపే ఆ పని ముగియవచ్చును. గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనినచో ఆ లోపములు చాలవరకు తప్పునని 1991లో బ్రిటిషు పరీక్ష తేల్చెను. సీమంతమునాడు తలచుకొనిన లాభమేమి?

2004లో మా తమ్ముని కోడలు గర్భవతియై పాలిపోయినది. ప్రభుత్వపు నర్సు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు ఇచ్చి పోయినది. 1970నుండి దేశమంతట ఇచ్చుచున్నవే. పొట్లముమీద మరాఠీ, ఇంగ్లీషు. మా మరదలు సిద్దిపేటనుండి వచ్చిన పిల్ల, తెలుగు తప్ప చదువలేదు. ఆ మాత్రలచే బిడ్డ లావై, నల్లనై పుట్టునని ఎవరో చెప్పగా బియ్యపు డబ్బాలో దాచినది. కాన్పునాడు కోడలికి రెండు సీసాల రక్తమెక్కించిరి. తల్లియు బిడ్డయు దక్కిరి. ఆ డబ్బా ప్రక్కనే మన సంఘపు సంచిక యుండెను. మరదలు దానిని అట్టనుండి అట్టవరకు చదివినది, ప్రకటనలు సైతము. అందు కృష్ణదేవరాయలమీద మూడు వ్యాసములు, రక్తహీనతమీద ఒక పంక్తియు లేదు.

తెలుగున మాటలు లేవా? నాగపురమున చదివి, మరాఠీలో వ్యాసములు వ్రాసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపింపగా, అది చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములమీదను తెలుగు గ్రంథములు వెలువరించెను. మనవలె మహారాష్ట్రమున పెరిగినవాడే ఆయనయు. నూరేండ్ల క్రిందట దొరికిన మాటలు నేడు ఎక్కడికి పోయినవి? రొద యనిన మన పిల్లలకు తెలియదా? తెలియని మాట యుండినచో బిట్టువలె ఉన్నదున్నట్లు తెచ్చుకొందము. టిక్కెట్టు, రైలు తెచ్చుకొనలేదా!

రాబోవు సంచికకై మాత్రనుగూర్చి ఒకటి, తంతినిగూర్చి ఒకటి వ్యాసములు వ్రాసి సంపాదకులకు అందించితిమి. చోటు లేదని వారు సెలవిచ్చినారు. ఈ సంచికలో సభ్యుల ఛాయాచిత్రములకు ఎనిమిది పుటలు పోయినవి. వానిలో మా చిత్రమును ఒకటి గలదు. దానిని తీసివేయుడు, మాత్ర వ్యాసము ఆ చోటున సగమైనను పట్టును.