ఇంటిచదువు - రాష్ట్రశాసనములు

అమెరికాలో బిడ్డలను బడికి పంపక యింటనే చదివించుట 1993 నాటికి 50 రాష్ట్రములందును చట్టసమ్మతమైనది. అయినను దానికి దేశమంతటికి నొక్క శాసనము లేదు. ఏ రాష్ట్రపు కట్టడి ఆ రాష్ట్రముదే. టెక్సాసులోని బంధువు మాట నమ్మి న్యూయార్కులో బిడ్డను బడి మాన్పించు మన తెలుగువారు చిక్కుల పాలగుదురు.

టెక్సాసు సుప్రీముకోర్టు 1994లో లీపర్ వ్యాజ్యెమున నింటిబడిని ప్రైవేటు పాఠశాలగా నంగీకరించినది. పఠనము, వర్ణక్రమము, వ్యాకరణము, గణితము, పౌరధర్మము చిత్తశుద్ధితో బోధించిన చాలును. సర్కారు పరీక్ష లేదు, నివేదిక లేదు. న్యూయార్కున నట్లు కాదు. ఏటేట జూలై 1వ తేదీలోపల పాఠశాలా జిల్లా సూపరింటెండెంటునకు నోటీసు, పిదప పాఠప్రణాళిక, ఏడాదికి నాలుగు నివేదికలు, సంవత్సరాంతమున పరీక్షయో మదింపో. ఆరవ తరగతి వరకు 900 గంటలు, ఆపైన 990 గంటలు చదువు చెప్పవలయును.

ఇది తలిదండ్రులకు సంకెల యని కొందరు వాపోవుచున్నారు. మేమట్లు తలంపము. నాలుగు నివేదికలు అధికమే కావచ్చును. కాగితములపై మోజు లేని దొరతనమెక్కడ? కాని యేడాదికొక్కమారు బిడ్డ యేమి నేర్చెనో పరులకు చూపుట న్యాయము. ఇంట చదువు సాగనిచో నష్టపడునది బిడ్డ. కోర్టుకెక్కు శక్తి వానికి లేదు. ఈ విషయమున టెక్సాసు తండ్రిని మితిమీరి నమ్మినదని మా యభిప్రాయము.

కావున టెక్సాసులోని మనవారు శాసనమడుగకున్నను బిడ్డల వ్రాతపుస్తకములను, పాఠముల తేదీలను భద్రపరుచుకొందురుగాక. ఉద్యోగము మారి న్యూయార్కు చేరి, నడియేట నింటిచదువు మొదలిడినచో నోటీసునకు గడువు 14 దినములే.